పుక్కట్ల ఫ్లెక్సీ, షారోన్ సీటు

ఆ ఆదివారం డ్యూటీ దిగి సైదాబాద్‌ల మా గల్లీ మూలకు వచ్చేసరికి నా మొఖం నాకే కనవడ్డది. అద్దంల కాదు, కరెంటు పోల్‌కు కట్టిన ఫ్లెక్సీల. నేను ఆర్టీసీ కండక్టర్‌ను, పేరు నీలమ్మ. ఎన్నడో డిపోల సన్మానం చేసిననాటి ఫోటో అది, మెడల దండ గూడ అట్లనే ఉన్నది. ఎవరినడిగి పెట్టిండ్రు? నా పక్కన మా తమ్ముడు సీమోను కోటు తొడుక్కోని నిలవడ్డడు. వాడు జిందగీల కోటు తొడగలేదు, మెడకాయ కింద కంప్యూటర్ల అతికిచ్చిండ్రు. నడుమల వాని బిడ్డ షారోన్, నా మేనకోడలు. దాని వెనక విమానం. "ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ చదువుకై లండన్ వెళ్తున్న మా గల్లీ ముద్దుబిడ్డ షారోన్‌కు శుభాకాంక్షలు." అందరి మొఖాలకన్న పెద్దగ, కింద, ఒక కన్సల్టెన్సీ ఫోన్ నంబరు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! షారోన్ లండన్ పోతలేదు. పోతానని ఎన్నడూ అనలేదు. దానికి సీటొచ్చింది నిజమే, కని లండన్ల కాదు, మన ఊర్లనే, అవతలి దిక్కున్న సర్కారు యూనివర్సిటీల. శుక్రవారం పోయి చేరాలె. ఈ సంగతి వాళ్ళ నాయినకు తెల్వదా అంటే బరాబర్ తెలుసు. తెలిసీ కట్టించిండు. నా కడుపు ఎట్ల మండిందంటే, భుజం మీద టికెట్ మిషన్ బ్యాగు కూడా దించకుంట సీదా వాని ఇంట్లకే పోయిన.

షారోన్ సంగతి చెప్పకుంటే నా కోపం మీకు సమజ్ కాదు. అది మొఘల్‌పురాల ఒక ప్రైవేటు స్కూల్ల టీచరు. స్కూలు బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాసి ఉంటది, లోపల బాత్రూంకు తలుపుండది. డిగ్రీ, బీఈడీ చేసి గదే స్కూల్ల లెక్కలు చెప్పుకుంట ఉన్నది. ఇంట్ల మాట తక్కువ. ఏదన్న తప్పు అనిపిస్తే మాత్రం ముక్కు మీదికి వస్తది కోపం, అదొక్కటి నా దిక్కెల్లి వచ్చింది. లొల్లి చేయది. అడుగుతది. అడిగి అడిగి ఎదుటోన్ని చెమటలు పట్టిస్తది.

ఒకసారి వాళ్ళ క్లాసుల ఒక ఆడపిల్ల ఉండె, మదీనా చౌరస్తా కాడ బట్టల దుకాణంల కూసునే ఆయన బిడ్డ. పరీక్షల ఒకటిన్నరను రెండుతోని గుణించమని ఇంగ్లీషుల ఇస్తే పేపరు ఖాళీ ఇచ్చింది. ప్రిన్సిపాల్ మేడం ఆ పిల్లను మొద్దుల లైన్ల కూసోబెట్టింది. షారోన్ పక్కకు పిలిచి, "డేఢ్ మీటర్ కపడా దో బార్ కాటే తో కిత్నా?" అని, ఒకటిన్నర మీటర్ బట్ట రెండుసార్లు కోస్తే ఎంతని, ఉర్దూల అడిగింది. పిల్ల తల ఎత్తకుంటనే "తీన్" అన్నది, మూడు. "పౌనే దో మీటర్ దో బార్?" "సాడే తీన్." పావు తక్కువ రెండు రెండుసార్లయితే మూడున్నర, బరాబర్ లెక్క. ఆ పిల్లకు డేఢ్, ఢాయి, సవా, పౌనే అనే సగం పావు లెక్కలన్నీ అమ్మ పాలతోని వచ్చినయ్. బడిల వాటికి పేరే లేదు.

ఆ దినం షారోన్ మా ఇంటికి వచ్చి చాయ్ కూడా ముట్టలేదు. "అత్తమ్మా, పిల్లకు లెక్క వచ్చు. అడిగే తీరు మనకు రాదు. మనకు రాకపోతే పిల్ల మొద్దా? వేరే దేశాలల్ల గిట్లాంటి పిల్లలకు ఎట్ల చెప్తున్నరో ఎవరన్న చూసిండ్రా?" అని నన్నే నిలదీసింది, నేనేదో విద్యాశాఖ మంత్రినైనట్టు. తర్వాత తనే తెలుసుకున్నది, దానికొక చదువే ఉన్నదట. ఒక దేశంల పిల్లలకు ఎట్ల చెప్తరు, ఇంకో దేశంల ఎట్ల చెప్తరు, పక్కపక్కన పెట్టి చూసుడు. ఇంటర్నేషనల్ అండ్ కంపారటివ్ ఎడ్యుకేషన్ అంటరు. గదే చదువుతానని కూసున్నది.

ఇగ వెతుకుడు మొదలు పెట్టింది. టిఫిన్ బెల్ కొట్టినప్పుడు ఫోను, చర్చి అయిపోయినంక ఫోను. ఎవరన్న కాలేజీ గురించి చెప్తే భవనం ఎంతున్నది, ఏసీ ఉన్నదా అని అడగదు. పాఠం ఎవరు చెప్తరు? ఆయన వారంల ఎన్నిసార్లు పిల్లల ముందట కూసుంటడు? బడులకు తీస్కపోయి చూపిస్తరా, క్లాసు గదిలనే చూపిస్తరా? పోయినసారి చదివి బయటికి వచ్చినోళ్ళు ఇప్పుడు ఏం పని చేస్తున్నరు? వాళ్ళ నంబరు ఇయ్యుండ్రి, నేనే మాట్లాడుకుంట. గిట్లాంటివి. కొందరు ఫోను పెట్టేసేటోళ్ళు. కొందరు "మేడం, క్యాంపస్ టూర్‌కు రండి" అనేటోళ్ళు. ఒక దిక్కు రింగ్ రోడ్డు అవతల ప్రైవేటు యూనివర్సిటీ, పేరులనే గ్లోబల్ ఉన్నది, కని రెండేండ్లల్ల ఈ సబ్జెక్టు ఒక్కటే పేపరట. ఇంకో దిక్కు ఇంట్ల కూసోని చదివే కరస్పాండెన్స్ కోర్సు. అది మస్తు సస్తా.

"గదే చెయ్యరాదే, పైసలు మిగుల్తయ్" అన్న నేను.

"అండ్ల సారే లేడు అత్తమ్మా. పుస్తకాలు పోస్టుల వస్తయ్, గంతే" అన్నది. మొఘల్‌పురాల గాజులమ్మే ఖాలా ఒకామె దీనికి చెప్తదట, సస్తా వేరు బేటీ, కిఫాయత్ వేరు అని, అగ్గువ వేరు గిట్టుబాటు వేరు అన్నట్టు. సస్తా గాజు ఇంటికి పోయేలోపలనే పగుల్తది, కిఫాయత్ గాజు బిడ్డ పెండ్లి దాంక ఉంటది అని. నాకు ఈ చదువుల సంగతి తెల్వది గాని గాజుల సంగతి తెలుసు. నోరు మూసుకున్న.

ఆఖరికి ఆ సర్కారు యూనివర్సిటీల దొరికింది. అక్కడ ఒక మేడం ఇంట్ల మాట్లాడే భాషలు, బడి లెక్కల మీదనే ఏండ్ల సంది పని చేస్తున్నదట. చదువుల భాగంగ కొన్ని నెలలు నేపాల్ బడులు చూడనీకి పంపుతరు. మెరిట్ ఉంటే స్కాలర్‌షిప్. షారోన్ ఆ మేడం దగ్గర చదివి వచ్చినోళ్ళకు గూడ ఫోన్లు చేసింది, నిజమా అబద్ధమా అని. ఎంట్రెన్స్ రాసింది, ఇంటర్వ్యూకు పోయింది, డేఢ్ ఢాయి సంగతే చెప్పింది. సీటు ఇచ్చిండ్రు, స్కాలర్‌షిప్ ఇచ్చిండ్రు. ఒక్కటే షరతు, శుక్రవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి చూపియ్యాలె, లేకుంటే సీటు వెనకాలున్నోళ్ళకు పోతది.

గింత మంచి కబురు వస్తే ఏ తండ్రైనా ఏం చేస్తడు? మిఠాయి పంచుతడు. మా సీమోను ఏం చేసిండో చూడుండ్రి. వాడు నయాపూల్ కోర్టుల అటెండరు. దినమంత నిలవడుడే, పిలుపులు పిలుసుడే. పెద్ద పెద్ద వకీళ్ళను చూసి చూసి వానికి ఒకటే పట్టుకున్నది, గొప్ప అంటే దూరంకెల్లి రావాలె, ఫీజు పెద్దగుండాలె. ఏదో అఫిడవిట్ పని మీద కోర్టుకు వచ్చిన జగదీశ్వర్ అనేటోడు వీన్ని పట్టుకున్నడు. దిల్‌సుఖ్‌నగర్‌ల కన్సల్టెన్సీ నడుపుతడు. "సీమోను సార్, మీ లాంటి ఫాదర్ ఉండుడు ఆ అమ్మాయి అదృష్టం" అన్నడట. జిందగీ అంత "ఏ సీమోను, నీళ్ళు తే" అనిపించుకున్నోన్ని సార్ అంటే ఇగ ఆగుతడా? పడిపోయిండు. ఇల్లు బ్యాంకుల కుదువ పెడితే లండన్ పక్కన కాలేజీల సీటు, ఫ్లెక్సీ మాత్రం పుక్కట్ల మేమే కట్టిస్తం అన్నడట వాడు. పుక్కట్ల వస్తే విషం గూడ తాగుతరు గద మనోళ్ళు.

నేను ఇంట్ల అడుగు వెట్టేసరికి షారోన్ బీరువా ముందట కింద కూసున్నది. బట్టలన్నీ బయట ఉన్నయ్. మా మరదలు మాణిక్యమ్మ కొంగు నోట్ల పెట్టుకోని నిలవడ్డది.

"ఏందే గిది?" అన్న.

"ఒరిజినల్స్ లేవు అత్తమ్మా. టెన్త్ మెమో కాన్నించి బీఈడీ దాంక ఒక్కటి లేదు. బాపు తీస్కపోయి ఆ కన్సల్టెన్సీల ఇచ్చిండట."

సీమోను కుర్చీల కూసోని గోడ దిక్కు చూస్తుండు. "అక్కా, నువ్వు ఊకో. కోర్టుల ఒరిజినల్ జమ చేస్తేనే కేసు నిలవడ్తది. ఆఫీసుల ఇచ్చిన కాయితం ఎక్కడ పోతది? భద్రంగ ఉంటది" అన్నడు. అర్థమైందా? వాడు ఇన్నేండ్లు కోర్టుల కాయితాలు జమ అయ్యేది చూసిండు. ఎవడు కుర్చీ, టేబులు, కంప్యూటర్ పెట్టుకోని కూసుంటే వాడు జడ్జి సాబ్ అనుకున్నడు. రసీదన్న అడిగినవారా అంటే, "గంత పెద్ద మనిషిని రసీదు అడుగుతరా?" అంటడు. నాకు వాన్ని చెప్పు తీస్కోని కొట్టాలనిపించింది. ఇంటికి పెద్ద బిడ్డను గద, చిన్నప్పుడు కొట్టిన గూడ.

"దేనికి ఇచ్చినవ్? బిడ్డ పోతా అన్నదా?"

"గీడ చదువుడు ఒక చదువా అక్కా! బస్సెక్కి పోయి బస్సెక్కి వస్తదట. ఇంటర్నేషనల్ చదువు బస్సుల పోయి చదువుతరా ఎవరన్న? బిడ్డ లండన్ పోతున్నదని చర్చిల సాక్ష్యం చెప్పిన. పాస్టర్ గారు ప్రార్థన చేసిండ్రు. ఫ్లెక్సీ లేచింది. ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్‌ను పోల్‌కు కట్టి పిల్ల సీటును నాలల పారేస్తవా?"

షారోన్ ఏడుస్తలేదు. కండ్లు ఎర్రగున్నయ్ గాని ఏడుపు కాదది. "బాపూ, నేను ఏండ్ల సంది వెతికిన. నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. వాన్ని గూడ ఒక్క మాట అడగలేదు" అన్నది. వాడు లేచి బయటికి పోయిండు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. మాణిక్యమ్మ అప్పుడు నోరు తెరిచింది, "నేను చెప్తే వింటడా వదినా, మీరన్న చెయ్యుండ్రి ఏదో ఒకటి" అని.

సోమవారం షారోన్ ఒక్కతే పోయింది ఆ ఆఫీసుకు. ఫైలు లండన్ ప్రాసెస్‌ల ఉన్నది, కాన్సిల్ చెయ్యాలంటే చార్జీ కట్టాలె, కట్టినా వచ్చే నెల దాంక కుదరదు అని చెప్పి పంపిండ్రు. వచ్చే నెల! శుక్రవారం సీటు పోయినంక వచ్చే నెల ఆ కాయితాలు దేనికి, దీపావళి పటాకులు చుట్టనీకా?

మంగళవారం నా వీక్లీ ఆఫ్. అయినా చీర కట్టకుంట ఖాకీ యూనిఫారమే తొడుక్కున్న. "ఎందుకు అత్తమ్మా?" అన్నది షారోన్. "ఖాకీ చూస్తే చిల్లరగాళ్ళు జర సర్దుకోని కూసుంటరు బిడ్డా, పా" అన్న.

మూడో అంతస్తు, ఏసీ. గోడల నిండ నవ్వే పిల్లల ఫోటోలు. పిల్లల తల్లిదండ్రులు ఒడిల ఫైళ్ళు పెట్టుకోని పెండ్లి పంక్తిల లెక్క వరుసగ కూసున్నరు. జగదీశ్వర్ బయటికే వచ్చిండు, మెత్తగ మాట్లాడుతడు, సెంటు వాసన. "మేడం, ప్రాసెస్ అని ఒకటి ఉంటది" అన్నడు.

"ప్రాసెస్ గీసెస్ నాకు చెప్పకు. ఆ పిల్ల కాయితాలు ఆ పిల్లకు ఇయ్యి."

"ఫాదర్ గారు ఇచ్చిండ్రు కదా, ఫాదర్ గారు రావాలె."

"టెన్త్ పరీక్ష ఫాదర్ గారు రాసిండా?" అన్న. నా గొంతు సంగతి మీకు తెల్వది. నిండిన బస్సుల వెనక డోర్ కాన్నించి డ్రైవర్‌కు ఇనవడాలె, గట్ల అలవాటైంది. ఆఫీసుల ఉన్నోళ్ళందరు మా దిక్కు తిరిగిండ్రు. ఇగ షారోన్ మొదలు పెట్టింది, నా లెక్క అరవదు గద, మెల్లగ.

"సార్, ఆ కాలేజీల కంపారటివ్ ఎడ్యుకేషన్ ఎవరు చెప్తరు?"

"టాప్ ఫ్యాకల్టీ అమ్మా."

"పేరు చెప్పుండ్రి."

"వెబ్‌సైట్ల ఉంటది."

"చూసిన. ఆ కాలేజీల ఎడ్యుకేషన్ డిపార్టుమెంటే లేదు. మీరు నాకు పెట్టిన కోర్సు ఏంది?"

వాడు పక్కనున్న పిల్లతోని కంప్యూటర్ల చూపించిండు. ఇంటర్నేషనల్ బిజినెస్! బడి పిల్లల లెక్కల మీద చదువుతానన్న పిల్లకు వీడు యాపారం చదువు రాసి పెట్టిండు. అడిగితే ఏమన్నడో ఇనుండ్రి: "ఇంటర్నేషనల్ అయితే ఉన్నది కదమ్మా, అక్కడికి పోయినంక మార్చుకోవచ్చు."

నాకు నెత్తికి అగ్గి అంటుకున్నది. "నీ అయ్య జాగీరారా మార్చుకోనీకి! మటన్ అడిగితే మునక్కాయ ఇచ్చి, రెండూ మకారమే కదా అనేటోనివి నువ్వు" అని మొత్తుకున్న. షారోన్ నా చెయ్యి పట్టుకున్నది గాని తను ఆగలేదు. "పోయినేడు మీరు పంపినోళ్ళల్ల ఒక్కరి నంబరు ఇయ్యుండ్రి సార్. చదువు పూర్తి చేసినోళ్ళది. ఒక్కరిది." వాడు ఇయ్యలేదు. డేటా ప్రైవసీ అన్నడు. గోడల మీద మొఖాలు గింత పెద్దగ కొట్టించినోనికి ప్రైవసీ గుర్తొచ్చింది!

వరుసల కూసున్న ఒక పెద్దాయన లేచిండు, మైసయ్య అట పేరు, అడిగిండు, "సారూ, మా పోరిది గూడ ఏం కోర్సు రాసిండ్రో జర చూసి చెప్పుండ్రి." ఆయన పక్కనున్నామె గూడ ఫైలు ఎనకకు గుంజుకోని సంచిల పెట్టుకున్నది. జగదీశ్వర్ మొఖంల నవ్వు పోయింది. లోపలికి పోయి ఫైలు తెచ్చి టేబుల్ మీద పడేసిండు. "తీస్కోని నడువుండ్రి. మంచికి పోతే గిట్లనే ఉంటది" అన్నడు. షారోన్ అక్కడనే నిలవడి ఒక్కొక్కటి తిప్పి చూసింది. టెన్త్ మెమో లేదు. "అది గూడ ఇయ్యుండ్రి" అన్నది. వాని డ్రాయర్లకెల్లి బయటికి వచ్చింది అది. ఎందుకు దాసిండో వానికే తెలుసు. 

సీటు దక్కింది అనుకోని ఇంటికి వచ్చినం. సీమోను ఫైలు చూసిండు, సర్టిఫికెట్లు చూసిండు, ఇంటర్నేషనల్ బిజినెస్ సంగతి మొత్తం ఇన్నడు.  నేను మనసుల అనుకున్న, ఇగ దిగొస్తడు, బిడ్డను దగ్గరికి తీస్తడు అని. వాడు ఏమన్నడు?

"సరే, పో. చదువుకో. హాస్టల్ల ఉండు. కని రెండేండ్లు ఈ గల్లీకి రాకు. లండన్ పోయినవనే చెప్త అందరికి."

మాణిక్యమ్మ చేతుల గిన్నె కింద పడ్డది.  సొంత ఊర్ల, సొంత తల్లికి బస్సు దూరంల ఉన్న పిల్ల, పండుగకు ఇంటికి రావొద్దు, చర్చికి రావొద్దు, తల్లికి జరమొస్తే రావొద్దు, లండన్ల ఉన్నది కాబట్టి! "వారీ సన్నాసీ, బతికున్న బిడ్డను ఫ్లెక్సీ కోసం కనవడకుంట చేస్తవా?" అన్న.

షారోన్ వాళ్ళ నాయిన ముందటికి వచ్చి నిలవడ్డది. "బాపూ, నేను దొంగతనం చేసిన్నా? ఫెయిల్ అయిన్నా? నాకు సీటొచ్చింది. నేను ఇంట్లనే ఉంట. శుక్రవారం పొద్దుగాల ఈ దర్వాజకెల్లే పోత. నువ్వు నాతోని మాట్లాడకున్నా సరే" అన్నది. వాడు బుధవారం, గురువారం ఒక్క ఇంట్ల ఉండి బిడ్డ వడ్డిస్తే తినలేదు. మాణిక్యమ్మ అటు వాన్ని బతిమాలలేక ఇటు బిడ్డ మొఖం చూడలేక నలిగిపోయింది. నేను రోజూ పోయి వాన్ని తిట్టి వచ్చిన. నాకు చేతనైంది గదే.

శుక్రవారం ఫస్ట్ డ్యూటీకి పోకుంట మార్చుకోని, షారోన్‌ను బస్సెక్కిద్దామని వచ్చిన. అది ఫైలు ఛాతికి పట్టుకోని గడప దిగింది. సీమోను అరుగు మీద కూసోని పేపరు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. గప్పుడే వెనక సందుల బర్రెలున్న ఆండాలు పాల క్యాన్లు పట్టుకోని ఎదురొచ్చింది. మా పిల్లల చిన్నప్పటి సంది పాలు ఆమె దగ్గరనే.

"ఏం బిడ్డా, లండన్ ఇంక పోలేదా?" అన్నది నవ్వుకుంట. షారోన్ నోరు తెరిచేలోపలనే సీమోను దిక్కు తిరిగింది. "అన్నా, నీ పుణ్యాన మాకు గూడ తొవ్వ దొరికింది. మా బిడ్డ నందినివి సర్టిఫికెట్లన్నీ నిన్న ఆ జగదీశ్వర్ సార్‌కే ఇచ్చొచ్చినం. సీమోనన్న తన బిడ్డవే ఇచ్చిండంటే ఇగ ఆలోచించేదేమున్నది అన్నడు మా ఆయన. మూడు బర్లకు బేరం గూడ అయింది, రేపు తోల్కపోతరు. మా ఫ్లెక్సీ ఆదివారం కడ్తరట."

షారోన్ అడుగు పడలేదు. సీమోను పేపరు కిందికి దించిండు. వాని మొఖం ఎట్లున్నదంటే, మా నాయిన సచ్చిననాడు గూడ గట్ల చూడలేదు నేను. ఫ్లెక్సీ దిక్కు చూసిండు, ఆండాలు దిక్కు చూసిండు. లేచి చెప్పులు తొడుక్కున్నడు.

"ఆండాలు చెల్లె, పాలు ఇంట్ల పెట్టి రా. నందినిని గూడ పిల్వు."

"ఎటు పోదామన్నా?"

గల్లీ అంత బయటనే ఉన్నది, బిందెలు పట్టుకోని, పిల్లలను స్కూలుకు పంపుకుంట. వాడు గొంతు తగ్గించలేదు.

"నా బిడ్డ లండన్ పోతలేదు చెల్లె. నేను మోసపోయిన, నా మొఖం చూసి మీరు మోసపోయిండ్రు. ఇగో, నా బిడ్డ గీ బస్సుకు యూనివర్సిటీకి పోతున్నది. నడువు, ముందుగాల నందిని కాయితాలు తెచ్చుకుందాం. బర్లను తోల్కపోనియ్యకుండ్రి."